"సేకరణ" అని రాస్తే చాలదు, ఆమెను అడగండి

మీ ప్రశ్న ఇది: మతిమరుపు వచ్చిన అత్తగారిని చూసుకోవడం గురించి మీకు తెలిసిన ఒకామె ఫేస్‌బుక్‌లో రాశారు. అది మీ మనసును తాకింది. మీ అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాలనుకుంటున్నారు. కింద "సేకరణ" అని రాస్తే సరిపోతుందా, లేక ఆమెను అడగాలా?

అడగాలి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా నాన్నగారు దర్జీ. మా ఊళ్లో బడిపిల్లల యూనిఫారాలు చాలావరకు ఆయనే కుట్టేవారు. నిక్కరు అంచును లోపలికి రెండు వేళ్ల వెడల్పున మడిచి కుట్టేవారు. పిల్లవాడు ఎదిగితే మరుసటి ఏడు ఆ కుట్టు విప్పి పొడవు పెంచుకోవచ్చు. ఏటా కొత్త బట్ట కొనలేని ఇళ్లు ఏవో ఆయనకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఆ మడత గురించి ఫేస్‌బుక్‌లో రాశాను. మడత విప్పిన చోట బట్ట వెలిసిపోకుండా ముదురు నీలంగా ఉండేదని, మోకాలి పైన ఒక పట్టీలా కనిపించేదని, దాన్ని చూస్తే ఆ నిక్కరు వయసు తెలిసిపోయేదని రాశాను. చివర ఇంకో సంగతి చేర్చాను. భర్త పోయిన ఒకామె ఇద్దరు కొడుకులకు బట్టలు అప్పు మీద కుట్టించుకుంది. డబ్బు ఇవ్వలేక మా వీధిలోకి రావడం మానేసి, నీళ్లకు కూడా చుట్టూ తిరిగి వెళ్లేది. నాన్న అది గమనించి, "బాకీ కొట్టేశాను, ఈ దారినే రమ్మను" అని కబురు పంపారు. ఆమె పేరు రాయలేదు. పోస్టు నా స్నేహితులకు మాత్రమే కనిపించేలా పెట్టాను. అయితే కింద వ్యాఖ్యల్లో ఊరివాడొకడు మా వీధి పేరు చెప్పి "ఆ కొట్టేనా?" అని అడిగితే, అవునన్నాను. ఆ తప్పు నాది.

పది రోజులకు అదే పోస్టు దూరపు బంధువుల వాట్సాప్ గ్రూపు ద్వారా నా ఫోనుకే వచ్చింది. నా పేరు లేదు. మొదటి వాక్యంలోనే ఊరు, వీధి ఉన్నాయి. చివర "ఆ దర్జీ ఇప్పుడు లేరు" అని, చదివేవాళ్ల చేత కన్నీళ్లు పెట్టించడానికి ఎవరో కలిపిన మాట ఉంది. దాని కింద "సేకరణ" అని ఉంది. డెబ్భై రెండేళ్ల మా నాన్న అప్పుడు వరండాలో మిషను ముందు కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆ సాయంత్రం ఇద్దరు ఫోన్ చేసి అమ్మను పరామర్శించారు. అమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

చావు కబురును నాన్న పట్టించుకోలేదు. నెల తిరగకముందే, బాకీ పడిన ఆ తల్లి పెద్దకొడుకు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు నలభై దాటిన మనిషి. ఒక కవరు తీసి మిషను బల్ల మీద పెట్టి, "మా అమ్మ సంగతి అందరికీ తెలియాలా, బాబాయ్?" అన్నాడు. వాళ్లమ్మ మనవరాలి చేత ఆ సందేశం చదివించుకుని విందట. అతను వెళ్లాక కూడా నాన్న ఆ కవరు ముట్టుకోలేదు. నన్ను తిట్టనూ లేదు. "నేను కొట్టేసిన బాకీని నువ్వు మళ్లీ రాశావు" అన్నారు, అంతే.

పోస్టు కాపీ చేయడం గురించి మాట్లాడినప్పుడల్లా మనం పేరు గురించే వాదించుకుంటాం. పేరు ముఖ్యమే. కానీ నా పేరు ఉండి ఉంటే ఆమెకు జరిగిన అవమానం ఏమైనా తగ్గేదా? రాసిన మనిషి ఎవరి ముందు ఆ మాట చెప్పాలనుకున్నారో, అక్కడి నుంచి దాన్ని ఎత్తుకుపోవడమే అసలు కష్టం. అరుగు మీద నలుగురి మధ్య చెప్పుకున్న మాటను సంతలో మైకు పెట్టి చదివినట్టు ఉంటుంది. చదివినవాళ్లు ఎంత మెచ్చుకున్నా అది మారదు.

కాబట్టి ముందు పోస్టు మీద తేదీ పక్కన ఉండే చిన్న గుర్తు చూడండి. గ్లోబు బొమ్మ ఉంటే అది అందరికీ పెట్టినది. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే స్నేహితులకు మాత్రమే. గ్లోబు ఉన్నప్పుడు షేర్ బటన్ నొక్కడంలో తప్పేమీ లేదు, ఆ బటన్ ఉన్నదే అందుకు. అలా పంచితే రాసినవారి పేరు వెంట వస్తుంది. వాళ్లు తరువాత ఏదైనా దిద్దితే ఆ దిద్దుబాటూ కనిపిస్తుంది, తీసేస్తే మీ దగ్గరా పోతుంది. అంటే పగ్గం ఇంకా వాళ్ల చేతిలోనే ఉంటుంది. కాపీ చేసి అతికించినా, స్క్రీన్‌షాట్ తీసినా ఆ పగ్గం తెగిపోతుంది. ఇద్దరు మనుషుల బొమ్మ ఉన్నదాన్ని స్క్రీన్‌షాట్ తీసి బయటికి పంపడం నా దృష్టిలో ఇంట్లో మాట వీధిలో వేయడమే. మంచి ఉద్దేశంతో చేసినా సరే.

వాట్సాప్‌లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు నమ్మి జనం అమాయకులను కొట్టి చంపిన 2018లో, ఫార్వార్డ్ చేసిన సందేశం మీద "ఫార్వార్డెడ్" అన్న గుర్తు కనిపించేలా చేశారు. మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి కూడా అప్పుడే పెట్టారు. చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020లో ఇంకా బిగించారు. అదే సందేశాన్ని కాపీ చేసి అతికిస్తే ఏ గుర్తూ ఉండదు, మీరే రాసినట్టు కనిపిస్తుంది. మా నాన్న కథ అలాగే ఊళ్లు తిరిగింది.

ఇక "సేకరణ" సంగతి. ఆ మాట చెప్పేది ఒక్కటే: ఇది నాది కాదు అని. ఎవరిదో చెప్పదు. మన వాగ్గేయకారులు కీర్తన చివరి చరణంలో ముద్ర పెట్టుకునేవారు, శతక కవులు పద్యం పద్యానికీ మకుటం పెట్టేవారు. నోటి నుంచి నోటికి ఎంత దూరం పోయినా ఆ గుర్తు వెంట పోయేది. ఎవరో తెలియనివాళ్లు కూడా దాన్ని కోసేయకుండా పాడారు. ఈ రోజు మనం వేలితో ఒక్క గీత గీసి పేరు వదిలేసి మిగతాది ఎంచుకుంటున్నాం. చట్టం ఏమంటుందని కూడా కొందరు అడుగుతారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రాసినదానిపై హక్కు రాసిన క్షణమే పుడుతుంది, నమోదు అక్కరలేదు. 57వ సెక్షన్ ప్రకారం అది తనదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా మార్చితే అడ్డుకునే హక్కు రచయితకు ఉన్నాయి. ఫేస్‌బుక్ పోస్టు కోసం ఎవరూ కోర్టుకు వెళ్లకపోవచ్చు, కానీ హక్కు హక్కే.

రాసినవారెవరో నిజంగా తెలియకపోతే, మధ్యలో ఉన్న ఒక ప్రత్యేకమైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. కొన్నిసార్లు అసలు మనిషి దొరుకుతారు. దొరక్కపోతే "రాసినవారు ఎవరో తెలియలేదు, తెలిస్తే చెప్పండి" అని రాయండి. ఎవరైనా చెబితే వెంటనే పేరు చేర్చండి. మీ అభిప్రాయం పైన విడిగా రాయండి, వాళ్ల వాక్యాల్లో మాత్రం ఒక్క అక్షరం కలపవద్దు, తీయవద్దు.

ఇంకొక్కటి చెప్పనివ్వండి. రక్తం కావాలి, పిల్లవాడు తప్పిపోయాడు వంటి సందేశాలకు ఇంత తీరిక ఉండదు, అవి త్వరగా పోవాలి. కానీ తేదీ చూసి, అందులోని నంబరుకు ఒకసారి ఫోన్ చేసి పంపండి. పని తీరిపోయిన ఏళ్ల తరువాత కూడా ఆ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. ఒక్కోసారి ఆ రోగి బతికి ఉండరు.

మీ విషయానికి వస్తే, ఆ పోస్టులో ఆమె ఒక్కరే లేరు. మాట మరిచిపోతూ, బట్టలు తడుపుకుంటూ ఉన్న ఆ అత్తగారూ ఉన్నారు. అనుమతి ఇవ్వగల స్థితిలో ఆమె లేరు. కనుక కోడలిని అడిగేటప్పుడు ఎక్కడ, ఎంతమంది చదువుతారో కూడా చెప్పండి. ఇలా రాయవచ్చు: "మీరు అత్తయ్యగారి గురించి రాసింది చదివాను. మా అపార్టుమెంటులోనూ ఇలాంటి పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్ల పిల్లలకు ఉపయోగపడుతుంది. దాదాపు ఇంతమంది ఉన్న గ్రూపులో మీ పేరుతో పెట్టవచ్చా? ఏవైనా వాక్యాలు తీసేయమంటే మీరే తీసి పంపండి. వద్దంటే పెట్టను." జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు అనుకోవద్దు, ఆగండి. ఈలోగా మీ గ్రూపులో ఆ ఇబ్బంది ఎవరికి ఉందో మీకు తెలిసే ఉంటుంది కదా, వాళ్ల తలుపు తట్టి, మీకు ఆ పోస్టులో నచ్చిన ఉపాయాన్ని మీ మాటల్లోనే చెప్పండి. దానికి ఎవరి పేరూ, ఎవరి ఇల్లూ బయటపెట్టనక్కరలేదు.