మీరు అడిగారు: కాకా పట్టకుండా నెగ్గుకురావడం ఎలా?

ప్రశ్న: గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. నా తోటి సూపర్‌వైజర్ పొద్దున్నే మేనేజర్ క్యాబిన్‌లో చేరి, ఆయనకి నచ్చే మాటలన్నీ చెబుతాడు. రాత్రంతా నిలబడి నేను చేయించిన పని తెల్లారేసరికి ‘మేం చేశాం సార్’ అయిపోతుంది. మంచి షిఫ్టులూ ఇంక్రిమెంట్లూ అతనికే. నాకా విద్య రాదు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ విద్య నేర్చుకోకండి. మేనేజర్ మారిన రోజున మళ్లీ ఓనమాల నుంచి మొదలెట్టాల్సిన విద్య అది. అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. రాత్రి ఏం జరిగిందో పొద్దున్నే మేనేజర్ చెవిన ఎవరు వేస్తే, ఆ పని వాళ్లదేనని ఆయనకి అనిపిస్తుంది. ఆ మొదటి మాట మీ దగ్గర్నుంచే వెళ్లాలి.

షిఫ్ట్ దిగే ముందు పది నిమిషాలు కూర్చుని నాలుగైదు లైన్లు రాయండి. ఎంత ఉత్పత్తి అయింది, ఏ మెషీన్ ఎంతసేపు ఆగింది, ఎందుకు, ఎవరు బాగుచేశారు, తర్వాతి షిఫ్ట్‌కి ఏం మిగిలింది. ఇలా: ‘రెండో కన్వేయర్ రాత్రి 2.10కి ఆగింది. బేరింగ్ వేడెక్కి పట్టేసింది. ఫిట్టర్ కొత్తది వేశాడు, 2.55కి మళ్లీ నడిచింది. స్టోర్‌లో ఇంకొక్క బేరింగే ఉంది, ఈ వారంలో తెప్పించాలి.’ ఇందులో ‘నేను’ అన్న మాటే లేదు. అయినా చదివినవాళ్లకి అక్కడ ఎవరున్నారో తెలుస్తుంది. ఆ చివరి లైను మరీ ముఖ్యం. బేరింగ్ గురించి అడగడానికి మేనేజర్ మిమ్మల్నే పిలుస్తాడు. క్యాబిన్‌లో టీ తాగుతున్న మనిషికి దాని జవాబు తెలియదు.

ఇదే లాగ్‌బుక్‌లోనూ ఎక్కించి, మేనేజర్‌కీ తర్వాతి షిఫ్ట్ సూపర్‌వైజర్‌కీ కలిపి ఒకే మెసేజ్‌గా పంపండి. ఉత్త ‘ఫిట్టర్’ అని వదిలెయ్యకుండా అతని పేరు తప్పకుండా రాయండి. అది అతనికి దక్కాల్సిన గౌరవం, రేపు మీ మాటకి సాక్షీ అతనే.

చాలామంది దీన్ని చెడగొట్టుకునేది రెండు చోట్ల. బాగా నడిచిన రోజే పంపి, బ్రేక్‌డౌన్ అయిన రోజు ఊరుకుంటారు. అప్పుడది సొంత డప్పులా కనిపిస్తుంది. లేకపోతే తోటివాడి మీద ఒక చాడీ కలుపుతారు. దాంతో మేనేజర్‌కి పని కనబడదు, మీ ఇద్దరి గొడవే కనబడుతుంది. మూడు నెలలు ఒక్క షిఫ్టూ వదలకుండా పంపండి. మార్చితో ఏడాది ముగిసే కంపెనీ అయితే ఫిబ్రవరిలోనే ఆ మెసేజ్‌ల నుంచి నాలుగు పెద్ద పనులు ఏరి, తేదీలతో ఒక పేజీ చేసుకోండి. మేనేజర్ పొగడ్తకే లొంగే మనిషైతే ఈసారి షిఫ్టులు మారకపోవచ్చు. కానీ ఆ పేజీ ఆయన తర్వాత వచ్చేవాళ్లకీ పనికొస్తుంది.

ప్రశ్న: విశాఖలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గ్రూప్-సి ఉద్యోగిని. పెద్ద ఆఫీసరు గారికి బదిలీ అయింది. సన్మానం, వెండి జ్ఞాపిక అంటూ మా సెక్షన్‌లో ఒకాయన మనిషికి 1,000 రూపాయలు వసూలు చేస్తున్నారు. ఇవ్వనివాళ్ల పేర్లు రాసుకుంటారట. ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. అసలు మిమ్మల్ని అడగడమే నిషిద్ధం. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి 14వ నియమం చూడండి. బదిలీకో రిటైర్మెంట్‌కో సొంత మనుషుల మధ్య సాదాసీదాగా జరిగే వీడ్కోలుకి అభ్యంతరం లేదు. కానీ దానికి చందా ఇమ్మని ఎవరి మీదా ఒత్తిడి తేకూడదు. పై గ్రూపు అధికారి విందు కోసం కింది గ్రూపులైన సి, డి ఉద్యోగుల దగ్గర ఏ పరిస్థితిలోనూ వసూలు చెయ్యకూడదని అందులో విడిగా రాశారు.

ముందు మెత్తగా చెప్పి చూడండి: ‘గురువుగారూ, 14వ రూల్ ప్రకారం మా దగ్గర తీసుకోకూడదట. రేపు ఎవరైనా పిటిషన్ పెడితే సారుకే మాట వస్తుంది.’ భజనపరుడికి సారుకి మాట రావడం కన్నా భయం ఇంకోటి ఉండదు, అక్కడితో ఆగిపోతారు. ఆగకపోతే తేదీ, అడిగిన మొత్తం రాసిపెట్టుకుని పరిపాలన విభాగానికి కాగితం ఇవ్వండి. ఒక్కరే కాకుండా నలుగురు సంతకం చేస్తే మంచిది.

పనిలో పనిగా ఇంకో మాట. మీ బదిలీ ఆపించడానికి ఫలానా నాయకుడి సిఫారసు లేఖ తెస్తానని ఎవరైనా అంటే వద్దనండి. పై అధికారి మీద బయటి పలుకుబడి తేవడం 20వ నియమం కింద తప్పు. ఆ తప్పు లేఖ తెచ్చినవాళ్ల మీద కాదు, మీ మీద పడుతుంది.

ప్రశ్న: ప్రాజెక్ట్ రిపోర్టులో గైడ్‌కి కృతజ్ఞతలు రాస్తే కాకా పట్టినట్టేనా? (విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: ‘జ్ఞానభాండాగారం’ అని రాస్తే అవును. ‘మూడో అధ్యాయంలో లెక్కల పద్ధతి మార్చమని చెప్పారు, దాంతో ఫలితం సరిగ్గా వచ్చింది’ అని రాస్తే కాదు. గైడ్ వెనకాల కూడా అనగలిగే మాటే రాయండి.

ప్రశ్న: మధురవాడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ. 14 మంది టీమ్‌కి ఈమధ్యే లీడ్‌నయ్యాను. ఏం చెప్పినా ‘సూపర్ సార్’ అంటున్నారు. నాతో నిజం చెప్పేదెవరు?

జవాబు: మీ అభిప్రాయం ముందే చెప్పేస్తే ఎవరూ చెప్పరు. మీటింగ్‌లో అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టించి, మీరు ఆఖర్న మాట్లాడండి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది సార్’ తప్ప ఇంకేం రాదు. తలా ఒక చీటీ ఇచ్చి, ‘ఇది ఆరు నెలల్లో దెబ్బతింటే దేనివల్ల? పేరు వద్దు, రెండు కారణాలు చాలు’ అని ఐదు నిమిషాలు ఇవ్వండి. చీటీలన్నీ మీరే పైకి చదవండి, నచ్చనివి కూడా.

చెప్పేవాళ్లు ఉండటం ఒక్కటే సరిపోదు. 2010 మే 22న మంగళూరులో విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు, కెప్టెన్ దించేశాడు. అందుకే టీమ్‌లో ఒక నియమం ముందే రాసి పెట్టండి. ఒకే అభ్యంతరం రెండోసారి వచ్చిందంటే, చెప్పింది ఎవరైనా సరే, రిలీజ్ ఆగాలి. మొదటిసారి అలా ఆపినవాళ్ల అనుమానం తప్పని తేలితే ‘గంట వృథా అయింది’ అని మాత్రం అనకండి. మిగతా పదమూడు మందీ మీ మొహమే చూస్తుంటారు.