పసుపుతో వేలిముద్రలు: ప్రాజెక్టు మంచిదే, పట్టు మాత్రం కెమిస్ట్రీ మీద ఉండాలి

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పసుపు, గోరింటాకు వంటి సహజ రంగులతో వేలిముద్రలు బయటపెట్టే ప్రాజెక్టు చేస్తానంటోంది. ఫోరెన్సిక్ ఉద్యోగానికి పనికొస్తుందా? – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: చేయనివ్వండి. ఖర్చు తక్కువ, పని పద్ధతిగా చేయడం అలవడుతుంది. ఓపికంతా పొడి దగ్గరే పట్టాలి. ప్యాకెట్ పసుపులో కల్తీ ఉంటే ఏది పనిచేసిందో తేలదు. బాగా ఎండిన కొమ్ములు దంచి వస్త్రగాలితం పట్టి, వెలుతురు తగలని సీసాలో ఉంచమనండి. తడి మిగిలితే పొడి ఉండకట్టి ముద్రలోని గీతల మధ్య సందులను పూడ్చేస్తుంది. ముద్రకు బదులు మరక మిగులుతుంది.

గాజు పలకను సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. చర్మపు జిడ్డు అంటేలా వేలిని నుదుటిపై ఒక్కసారి రాసి, పలకపై మెల్లగా ఆనించాలి. గట్టిగా నొక్కితే గీతలు అలుక్కుపోతాయి. మళ్ళీ నుదుటిపై రాయకుండా అదే వేలిని వరుసగా ఐదు పలకల మీద వేస్తే, పొడి ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది. మెత్తటి కుంచె, చిటికెడు పొడి చాలు. ఇలాంటి ముద్రల మీదే మామూలు నల్ల పొడి కూడా వేసి పోల్చాలి, లేకపోతే ఫలితానికి విలువ లేదు. ప్రతి ముద్రకూ 0 నుంచి 4 వరకు గ్రేడు ఇవ్వాలి: మూడింట రెండు వంతులకు పైగా గీతలు స్పష్టంగా ఉంటేనే 4. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ 365 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) కాంతిలో మెరుస్తుంది కాబట్టి నల్లటి వస్తువులపై బాగా కనిపిస్తుంది. ఆ కాంతి నుంచి కాపాడే కళ్ళద్దాలు తప్పనిసరి.

కాగితం సంగతి వేరు. అది చెమటను పీల్చుకుంటుంది కనుక అక్కడ పొడి కంటే రసాయనం మేలు. అందుకే చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదారంగు తేల్చే నిన్‌హైడ్రిన్ అనే రసాయనం 1954 నుంచి వాడుకలో ఉంది. గోరింటాకుకు ఎరుపునిచ్చే లాసోన్ కూడా ఆ అమైనో ఆమ్లాలతో చర్య జరుపుతుంది, కానీ ఆకు పసరు నేరుగా పూస్తే కాగితమంతా రంగెక్కుతుంది. లాసోన్‌ను శుద్ధి చేయడమే అసలు కెమిస్ట్రీ. మీ అమ్మాయికి పేరు తెచ్చేది ఈ భాగమే. సహజ రంగే కదా అని ఎర్రచందనం పొడి జోలికి మాత్రం వెళ్లనివ్వకండి, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే కేసు కావచ్చు.

ఇక ఉద్యోగం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన, నేర దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలంటోంది. రాష్ట్రాలకు అమలుకు ఐదేళ్ల వరకు గడువుంది. అవసరం పెరిగేదే. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు ఇప్పుడే సిద్ధం కావాలి. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ కూడా మంచి దారే; విషాలు, మాదకద్రవ్యాల పరీక్షలకు ఆ చదువే కావాలి. ఇంటర్వ్యూలో నిన్‌హైడ్రిన్‌కు బదులు పసుపు చాలనకుండా, ఏ ఉపరితలంపై ఎందుకు పనిచేయలేదో చెప్పమనండి.

స్నేహితుల ముద్రలు తీసుకుంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ ఫొటోలు వాట్సాప్‌లో పంచుకోవద్దు.