ఐఈఎల్‌టీఎస్ కోసం పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టాలా?

ఇంగ్లీషు మాట్లాడే ఈ దేశానికి కొత్తగా వచ్చి, ఇంగ్లీషు ఎంత బాగా వచ్చో చూసే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాయబోయే మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "రైటింగ్‌లో స్కోరు ఆరు, ఆరున్నర దగ్గరే ఆగిపోతోందండీ, ఇంకెన్ని కొత్త మాటలు నేర్చుకోవాలి?" చాలామంది ఫోన్లో వేల మాటల పీడీఎఫ్ కూడా సిద్ధంగా ఉంటుంది. ముందు దాన్ని పక్కన పెట్టెయ్యండి.

రైటింగ్‌కైనా స్పీకింగ్‌కైనా నాలుగు అంశాలు చూసి సమానంగా మార్కులు వేస్తారు. పదసంపద వాటిలో ఒకటి. అందులో ఏడు బ్యాండ్ (అంటే ఏడు స్కోరు) రావాలంటే అరుదైన మాటలు వాడితే చాలదు, ఏ మాట పక్కన ఏ మాట పొసుగుతుందో కూడా తెలిసుండాలని పరీక్ష పెట్టేవాళ్ళే తమ ప్రమాణాల్లో రాశారు. బట్టీ పట్టినవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

'మిటిగేట్' సంగతే చూడండి. లిస్టులో దాని పక్కన 'తగ్గించు' అని ఉంటుంది. అది చూసి వ్యాసంలో 'మిటిగేట్ క్రైమ్' అని రాసేస్తారు. చదివేవాళ్ళకి అక్కడ ఏదో తేడా కొడుతుంది. క్రైమ్‌కి 'రెడ్యూస్', 'టాకిల్' సరిపోతాయి. 'మిటిగేట్' ఎక్కువగా ఎఫెక్ట్స్, రిస్క్, డ్యామేజ్ లాంటి వాటితో వస్తుంది. అందుకే నోట్‌బుక్‌లో ఒంటరి మాట రాయకండి. 'మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ క్లైమేట్ చేంజ్' అని మొత్తం రాసుకోండి, కింద 'మిటిగేషన్' అనే నామవాచకం, ఆ కింద మీ సొంత వాక్యం ఒకటి. రోజుకి ఇలా నాలుగైదు చాలు. నిదానంగా అనిపిస్తుంది కానీ, పరీక్షలో చేతికి అందేవి ఇలా నేర్చుకున్నవే.

లిస్టు లేకపోతే ధైర్యం చాలదనుకునేవాళ్ళు భాషా పరిశోధకురాలు ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ (చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే మాటల జాబితా) చూడండి. 570 పదకుటుంబాలు, అంటే ఒక మాటా దాని రూపాలూ కలిపిన గుంపులు, ఉంటాయి. డేటా, పాలసీ, సిగ్నిఫికెంట్ లాంటి సగం తెలిసిన మాటలే అందులో చాలా ఉన్నాయి. చూస్తే అర్థమయ్యే మాటని తడుముకోకుండా రాయగలిగే స్థాయికి తెచ్చుకోవడమే అసలు పని.

ఇంకో మాట, ఇది మనకి ప్రత్యేకం. చిన్నప్పటి నుంచీ అలవాటైన ఇంగ్లీషులో కొన్ని ప్రయోగాలు ఇక్కడ చెల్లవు. 'డిస్కస్ అబౌట్' అనేస్తాం, 'అబౌట్' అక్కర్లేదు. 'ఎక్విప్‌మెంట్స్', 'ఫర్నిచర్స్' అని బహువచనం తగిలిస్తాం, అవి ఆ రూపంలో వాడరు. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అంటే ఇక్కడివాళ్ళకి 2019లో స్పృహ తప్పానని వినిపిస్తుంది, 'గ్రాడ్యుయేటెడ్' అనాలి. కొత్తగా వంద మాటలు నేర్చుకోవడం కన్నా ఇలాంటివి ముందు దిద్దుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

లిజనింగ్‌లో స్పెల్లింగ్ తప్పయితే ఆ మార్కు పోతుంది. బ్రిటిష్ స్పెల్లింగైనా అమెరికన్‌దైనా ఒప్పుకుంటారు కాబట్టి దానికి టెన్షన్ పడకండి.

స్పీకింగ్‌కి మాత్రం నోటితోనే సాధన చెయ్యాలి. ఒక టాపిక్ తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్లో రికార్డు చేసుకోండి, వినండి. ఏ మాట దగ్గర నాలుక తడబడిందో దాన్ని ఆ వారం నాలుగైదు వాక్యాల్లో పలికి చూడండి. అప్పటికీ సాఫీగా రాకపోతే పరీక్ష రోజు దాని జోలికి పోకుండా మీకు బాగా వచ్చిన మాటే వాడండి.