ముక్క సంగతి తర్వాత, ముందు తలుపు తీయండి

ఇంటి రిపేర్లు: ఫిట్టర్ సారు జవాబులు

ప్రశ్న: మాది ఆదోని. పోయిన నెల నంద్యాలలో పెళ్లికి పోయి రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వచ్చాం. వీధి తలుపు బీగం తీస్తుంటే చెవి పుటుక్కున విరిగింది. తల నా చేతిలో, మిగతాది లోపల. మా ఆయన మూల అంగట్లో గమ్ము తెచ్చి, తలకు ఒక చుక్క రాసి లోపలి ముక్కకు అతికించి లాగారు. రాలేదు. మా మరిది పక్కింటి పిల్లాడి దగ్గర అయస్కాంతం తెచ్చి పెట్టాడు. అదీ పనిచేయలేదు. మా అత్త కొబ్బరినూనె పోయమంటే పోశాం. చివరికి పది దాటాక వడ్రంగిని లేపుకొచ్చి బీగం పీకించాం. తలుపు చెక్క కూడా పెచ్చులుగా లేచిపోయింది. ఎక్కడ తప్పు చేశాం సార్? ఇంకోసారి ఇట్లా అయితే ఏం చెయ్యాల?

– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అమ్మా, ముగ్గురూ మూడు తప్పులు చేశారు. నాలుగోది వడ్రంగిది. అయినా నాకు నవ్వు రాలేదు. ఆ గమ్ము పని ఒక్కటి తప్ప తక్కినవి నేనూ ఎప్పుడో ఒకప్పుడు చేసినవే. ఐటీఐలో ఇరవై ఆరేళ్లు ఫిట్టర్ ట్రేడ్ చెప్పినా సొంత ఇంటి వాకిట్లో నిలబడితే బుర్ర పనిచేయదు.

మీరు పంపిన ఫొటోలో ఉన్నది ఇత్తడి సిలిండర్ బీగం. అందులో గుండ్రంగా తిరిగే కడ్డీ ఒకటి ఉంటుంది. చెవి దూరేది ఆ కడ్డీ గాడిలోకే. కడ్డీ మీద వరసగా ఐదారు సన్న రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు పిన్నులు, వాటి నెత్తిన చిన్న స్ప్రింగు. చెవి పళ్లు ఆ పిన్నులను సరిగ్గా ఎంత లేపాలో అంతే లేపితే, పై పిన్నూ కింది పిన్నూ విడిపోయే చోటు కడ్డీ అంచుకు వస్తుంది. అప్పుడు మాత్రమే కడ్డీ తిరుగుతుంది. అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన 1860లలో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఈనాటికీ మన తలుపులకు చాలావాటికి అదే.

ఇప్పుడు మీ చెవి సంగతి. తిప్పేటప్పుడు విరిగే చెవి ఎక్కువగా మెడ దగ్గరో, మొదటి లోతైన గాటు దగ్గరో విరుగుతుంది. అంటే పళ్లన్నీ లోపలే, వాటి వాటి జాగాలోనే పిన్నులను లేపి పట్టుకుని ఉన్నాయి. చెవికి తల పోయిందని పిన్నులకు తెలియదు కదా! సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్ మొనను గాడిలో ఆనించి, ముక్కను లోపలికే అదిమి పట్టి, చెవి తిప్పినట్టే నిదానంగా తిప్పితే తలుపు తెరుచుకునేది. రెండు నిమిషాల పని. ముక్క తీయడం ఇంట్లోకి పోయి కాఫీ తాగి, లైటు వేసుకుని చేసుకోవచ్చు.

మీవాళ్లు ముందే లాగబోయారు. లాగితే ముక్క కొంచెం వెనక్కి జరుగుతుంది, పళ్లు పిన్నుల కిందినుంచి తప్పుకుంటాయి. ఇక స్క్రూడ్రైవర్‌తో ఎంత తిప్పినా కడ్డీ కదలదు. అందుకే ఈ పత్రికలో ఎన్నిసార్లయినా రాస్తాను: విరిగిన వెంటనే లాగొద్దు, తిప్పి చూడండి. ఇప్పటికే లాగేసి ఉంటే ముక్కను మళ్లీ చివరిదాకా నెట్టి, అప్పుడు తిప్పండి.

గమ్ము విషయం. చుక్క చిన్నదే అయినా అది ముక్కకు అంటుకోవడం కంటే ముందు గాడి గోడలకు, పిన్నులకు పాకుతుంది. పిన్ను ఒకసారి రంధ్రంలో అతుక్కుపోతే అసలు చెవి తెచ్చినా తిరగదు. మీ బీగం చచ్చింది అక్కడే, వడ్రంగి చేతిలో కాదు. అయస్కాంతం తెచ్చిన మీ మరిది ఆలోచన చెడ్డది కాదు గానీ, ఇత్తడిని అయస్కాంతం లాగదు. పైన వెండి రంగులో మెరిసేది నికెల్ పూత మాత్రమే. విరిగిన అంచును వెలుతురులో చూడండి, లోపల పసుపుగా ఉంటే అయస్కాంతం జోలికి పోనవసరం లేదు.

కొబ్బరినూనె సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ నేనూ తిన్నాను. 2009 అక్టోబరు మొదట్లో హంద్రీ, తుంగభద్ర రెండూ పొంగి కర్నూలును ముంచినప్పుడు మా ఇల్లూ మునిగింది. నీళ్లు తీశాక వస్తే వాకిట్లో మోకాలి లోతు బురద. బీగం గాడి నిండా ఒండ్రు. చెవి సగమే దూరింది. లోపల ఏం మిగిలిందో చూడాలన్న ఆత్రంలో నూనె పోసి, అరచేత్తో గుద్ది తిప్పాను. విరిగింది. సాయానికి వచ్చిన నా పాత విద్యార్థులు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "బలం పెట్టేవాడు ఫిట్టర్ కాదు" అని వాళ్లకు చెప్పింది నేనే మరి.

చెవి సగమే దూరింది కాబట్టి పళ్లు వాటి వాటి పిన్నుల కిందికి పోలేదు, స్క్రూడ్రైవర్ ఉపాయం పనికిరాలేదు. నూనె, ఒండ్రు కలిసి లోపల జిగురు ముద్ద అయింది. ముందు మంచినీళ్లు పోసి మట్టిని కడిగేసి ఉంటే సరిపోయేది. ఆ వారమంతా మా వీధివాళ్లు తెచ్చిన బీగాలను బకెట్ నీళ్లలో జాడించి, తర్వాత కిరసనాయిలులో ముంచి, ఎండలో బోర్లించి ఆరబెట్టాను. చాలావరకు బతికాయి. మాది మాత్రం కోయించాల్సి వచ్చింది.

వరద లేకపోయినా మన సీమ దుమ్ము చాలు. కొబ్బరినూనె, వంటనూనె వేస్తే మొదటి రెండు రోజులు బీగం వెన్నలా తిరుగుతుంది. ఎండాకాలం వచ్చేసరికి దుమ్ము అంటి గట్టిపడుతుంది. సిలిండర్ బీగానికి పొడిగా ఉండేదే మేలు. మెత్తటి పెన్సిల్, 4బీ లాంటిది, దాని ముల్లును బ్లేడుతో గీకి ఆ నల్లటి పొడిని చెవి పళ్లకు రుద్ది, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. పెన్సిల్ ముల్లు గ్రాఫైటే. చేతులు నల్లబడతాయి, అంతే.

ఇక ముక్క తీయడం. చెవిని ఎక్కించేటప్పుడు గాడి ఎట్లా ఉండేదో, మొదట కడ్డీని ఆ స్థానానికే తెచ్చి పెట్టండి. ఇది తప్పనిసరి. కడ్డీ కొంచెం పక్కకు తిరిగి ఉన్నా పిన్నులకు పైకి లేచే దారి ఉండదు, అవి లేవకపోతే పళ్లు వాటిని దాటలేవు. కంసాలివాళ్లు నగలు కోసే సన్నటి రంపపు బ్లేడు ఉంటుంది చూడండి, వెంట్రుక కంటే కొంచెం లావు. బంగారు పనిముట్ల అంగట్లో దొరుకుతుంది. దాని పళ్ల మొనలు మీ వైపు తిరిగి ఉండేలా పట్టుకుని, చెవికి గాట్లు ఉన్న అంచు పక్కగా లోపలికి పోనివ్వండి. కొంచెం మెలిపెడితే బ్లేడు పన్ను చెవి గాటులో పడుతుంది. అప్పుడు లాగండి. నేరుగా లాగాలి, ఊపకూడదు. ముక్క ఒక్కో పిన్నునూ దాటేటప్పుడు వేళ్లకు టిక్, టిక్ అని తెలుస్తుంది. మూడో టిక్కుకు ముక్క మొన బయట కనపడితే పట్టకారుతో అందుకోండి. బ్లేడు విరిగితే విరగనివ్వండి, కానీ దాని ముక్క లోపల వదలొద్దు. నాకు మొదటిసారి ముప్పావు గంట పట్టింది, ఇప్పుడు ఐదు నిమిషాలు.

రెండు ముక్కలూ దాచండి. చెవులు చేసేవాళ్లు రెండిటినీ కలిపి పెట్టి కొత్తది కోస్తారు. ఇంట్లో వాడకుండా దాచిన రెండో చెవి ఉంటే దానినుంచి చేయించడమే మంచిది. అరిగిన చెవికి నకలు తీస్తే అరుగుదల కూడా నకలవుతుంది.

మరొక్క మాట. కొత్త బీగం బిగించే ముందు తలుపు చూడండి. బీగం తీసేటప్పుడు తలుపును కొంచెం పైకెత్తడమో, భుజంతో నెట్టడమో చేస్తున్నారా? అయితే బందుల స్క్రూలు వదులై తలుపు కిందికి దిగింది. గడియ నాలుక చౌకట్టు రంధ్రంలో రాసుకుంటోంది. ఆ ఒరిపిడినంతా ఇన్నాళ్లూ మోసింది ఆ చిన్న ఇత్తడి మెడే. స్క్రూలు బిగించకుండా కొత్త బీగం వేస్తే కొత్త చెవీ అక్కడే విరుగుతుంది.

ప్రశ్న: సార్, పెట్రోలు బంకులో బైకు ట్యాంకు మూత తీస్తుంటే చెవి విరిగింది. ఇంజను స్టార్ట్ చేయడానికీ అదే చెవి. ఇంకొకటి ఊళ్లో అమ్మ దగ్గర ఉంది. మెకానిక్ మూతకు డ్రిల్ వేస్తానంటున్నాడు. వేయించమంటారా?

– డిగ్రీ విద్యార్థి, కల్లూరు, కర్నూలు

జవాబు: వద్దు బాబూ. పెట్రోలు ఆవిరి పైన డ్రిల్ నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మెకానిక్‌కు తెలిసే ఉండాలి, అయినా నీకు చెబుతున్నా. లైటర్ వెలుతురులో మూత లోపలికి చూసేవాళ్లనూ నేను చూశాను. బండిని నీడలో, గాలి ఆడే చోట పెట్టి పైన చెప్పిన రంపపు బ్లేడుతో ప్రయత్నించు. మూత బీగాల్లో చాలావాటికి పిన్నుల బదులు పలచటి రేకుల్లాంటి బిళ్లలు ఉంటాయి, ముక్క కొంచెం సులువుగానే వస్తుంది. రాకపోతే అమ్మ దగ్గరి చెవిని బస్సులో ఎవరిచేతనైనా తెప్పించుకో. అయితే ముక్క లోపల ఉండగా ఆ చెవిని మూతలో పెట్టి నెట్టొద్దు, దానితో ఇంజను మాత్రం స్టార్ట్ చేసుకో. బండి కొన్నప్పుడు చెవులతో పాటు చిన్న నంబరు బిళ్ల ఇచ్చి ఉంటే వెతికి పెట్టు. ఆ నంబరు ఉంటే కొత్త చెవి చేయించడం తేలిక.

ఇంకొకటి. చెవితో సోడా సీసా మూత తీస్తావా? ఊరికే అడుగుతున్నా.

ప్రశ్న: మా తాతకాలం నాటి ధాన్యం కొట్టు బీగం. ఇనుపది, అరచేయంత. చెవి పన్ను విరిగి లోపలే పడింది, ఆడిస్తే గలగలమంటోంది. పాత ఇనుము వాడికి వేయమంటారు మా అబ్బాయి. మీరేమంటారు?

– ఒక రైతు, ప్రొద్దుటూరు దగ్గర పల్లె, కడప జిల్లా

జవాబు: వేయొద్దయ్యా. ఇది లివర్ల బీగం, లోపల పిన్నులుండవు, ఇనుప పలకలుంటాయి. ముక్క గలగలమంటోందంటే ఎక్కడా ఇరుక్కోలేదు. రంధ్రం కిందికి వచ్చేలా బీగం బోర్లించి, చెక్క సుత్తితో వీపు మీద చిన్నగా తట్టండి. మీ చెవి కూడా ఇనుపదే అయితే ఆదోని వాళ్ల మరిది అయస్కాంతం ఇక్కడ పనికొస్తుంది, రంధ్రం దగ్గర పట్టుకోండి. పన్ను బయటపడితే పారేయకండి. దాన్నీ, కాడనూ వెల్డింగ్ చేసేవాడి దగ్గరికి తీసుకుపోయి అతికించి, మూడుపలకల ఆకురాయితో ఉబ్బిన చోట రాయించండి. రాసేటప్పుడు పక్కనే కూర్చోండి, గాటు ఒక గీత ఎక్కువ తిన్నా కొట్టు తెరుచుకోదు.