పొరపాటును దాచని మందు కొనుక్కో

చిరంజీవి అల్లుడికి,

విశాఖపట్నం నుంచి మామయ్య ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం.

నీ 38 స్పెషల్ రివాల్వరుకూ 308 రైఫిలుకూ ఇంట్లోనే తూటాలు నింపుకోవాలనుకుంటున్నానని, రెండింటికీ పనికొచ్చే తుపాకి మందు ఒకటి చెప్పమని రాశావు. దుకాణంలో 8 పౌన్ల డబ్బా చవకగా వస్తోందని కూడా రాశావు. ఆ డబ్బా కొనకు. ఆ రెండు తుపాకులకూ చక్కగా కుదిరే మందు ఒక్కటి ఉండదు. ఉందని ఎవరైనా చెబితే, అతని గూట్లో అమ్ముడుపోని సరుకు ఉందని అర్థం.

మందు సంగతికి ముందు చట్టం సంగతి. గ్రీన్‌కార్డు వచ్చాకే తుపాకి కొన్నావు కాబట్టి నీకు చిక్కు లేదు. నీతోపాటు ఉంటున్న కుర్రవాడు మాత్రం హెచ్‌1బీ వీసా మీద ఉన్నాడన్నావు. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో నిండు తూటా ఒక్కటే కాదు, ఖాళీ ఇత్తడి తొడుగు, దాని అడుగున ఉండి మందును అంటించే ప్రైమరు, గుండు, తుపాకి మందు, ఇవన్నీ విడివిడిగా కూడా ‘అమ్యూనిషన్’ కిందికే వస్తాయి. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు లేకపోతే, వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం. అతని చేత డబ్బా తెప్పించకు, అతని గదిలో పెట్టకు. ఇక్కడ నీ తమ్ముడికి కూడా ఈ సరదా పుట్టిందని మీ అమ్మ చెప్పింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. మందుకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం వేరే ఉంది. వాడికి ఈ ఉత్తరం చూపించేటట్లయితే ఈ నాలుగు ముక్కలూ ముందు చదివించు.

ఇక అసలు విషయం. ఎన్.ఏ.డి. కొత్తరోడ్డుకు ఆ పేరు తెచ్చిన నావల్ ఆర్మమెంట్ డిపోలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ మేము చూసినవి ఓడల ఫిరంగుల మందులు. నువ్వు వాడబోయేది చిటికెడు. కానీ రసాయనం ఒకటే. నైట్రోసెల్యులోజు ఒక్కటే ఉంటే సింగిల్ బేస్ అంటారు, దానికి నైట్రోగ్లిజరిన్ కలిస్తే డబుల్ బేస్ అంటారు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ చేసిన పొగలేని మందుకు ఇవన్నీ వారసులే.

చిన్నప్పుడు దీపావళికి మీ మేడ మీద సూరేకారం, గంధకం, బొగ్గు నూరి చిచ్చుబుడ్లు కూరేవాళ్లం కదా. ఆ అనుభవం ఇక్కడ అక్కరకు రాదు, పైగా తప్పుదోవ పట్టిస్తుంది. ఆ మందు ఆరుబయట అంటించినా ఒక్కసారిగా భగ్గుమంటుంది. పొగలేని మందును ఆరుబయట కాస్త పోసి అంటిస్తే పసుపుపచ్చ మంటతో నింపాదిగా కాలిపోతుంది. అది చూసి ఇందులో ఏముందిలే అనుకుంటారు. అదే మందు తొడుగులో బిగిసి ఉన్నప్పుడు, మంట వల్ల పీడనం పెరుగుతుంది, ఆ పీడనం వల్ల మంట మరింత వేగం అందుకుంటుంది. అందుకే మందు కొంచెం ఎక్కువ పడినా పీడనం ఆ కొంచెంతో ఆగదు, దానికి మించి పెరుగుతుంది. గుండును పుస్తకం చెప్పినదానికన్నా లోపలికి నొక్కినా అంతే. మందు ఒక్క రవ్వ పెరగకపోయినా, లోపలి ఖాళీ తగ్గి పీడనం పెరుగుతుంది.

మందుల్లో మొదటి తేడా మండే వేగం. పొయ్యిలో కొబ్బరి పీచుకూ చింత మొద్దుకూ ఉన్న తేడా అనుకో. రివాల్వరు గొట్టం పొట్టిది, గుండు చప్పున బయటపడుతుంది కాబట్టి దానికి వేగంగా మండేది కావాలి. 308లో గుండు పొడుగాటి గొట్టమంతా ప్రయాణం చేయాలి కాబట్టి నిదానంగా మండుతూ వెనుక నుంచి నెడుతూనే ఉండేది కావాలి. రివాల్వరు మందును రైఫిలు తొడుగు నిండా పోస్తే రైఫిలు ముక్కలవుతుంది. మందులను వేగాన్నిబట్టి వరసగా పేర్చిన పట్టికలు దొరుకుతాయి. అవి ఏది ముందు, ఏది వెనుక అని మాత్రమే చెబుతాయి. పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకదాని కొలత ఇంకొకదానికి వాడకు. పేర్లను కూడా నమ్మకు: ఐఎంఆర్ 4350, హెచ్ 4350 రెండూ వేర్వేరు మందులు. అంకె ఒకటే అయినా కొలతలు మార్చుకోవడానికి వీల్లేదు.

కాబట్టి ఎంపిక దుకాణంలో మొదలుకాకూడదు. ముందు మందు తయారీదారు లేదా గుండు తయారీదారు అచ్చువేసిన కొలతల పుస్తకం కొను. నీ తూటా పేరు, నీ గుండు బరువు, గుండు రకం పట్టుకుని ఆ పుట తియ్యి. అందులో ఉన్న మందుల్లోంచే నీది ఎంచుకోవాలి. అందుకే ఈ ఉత్తరంలో నేను నీకు కొలత ఒక్కటి కూడా రాయడం లేదు. మామయ్య రాశాడని, స్నేహితుడు చెప్పాడని, ఎక్కడో చూశానని మందు పోయకు. పుస్తకంలోని కనీస కొలత దగ్గర మొదలుపెట్టు. గరిష్ఠం మాత్రమే ఇచ్చి ఉంటే, తయారీదారు వేరే చెప్పనంతవరకూ, దానికి 10 శాతం తక్కువ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. ‘వేరే చెప్పనంతవరకూ’ అనడం ఎందుకంటే, హెచ్110 వంటి కొన్ని మందులను మరీ తగ్గించడమూ ప్రమాదమే.

ఆ పుటలో పది మందులు కనబడతాయి. ఇక్కడే కొత్తవాళ్లు తప్పటడుగు వేస్తారు. అన్నిటికన్నా తక్కువ మందుతో పని జరిగేది ఏదో చూసి, అదే చవక అనుకుంటారు. ఒక పౌనులో 7,000 గ్రెయిన్లు. తూటాకు 5 గ్రెయిన్లు పడితే 1,400 తూటాలు, మూడున్నర పడితే 2,000 తూటాలు. లెక్క బాగానే ఉంది. కానీ 38 స్పెషల్ తొడుగు నల్లటి పాత మందు రోజుల కొలతలతో పుట్టింది, లోపల చోటు చాలా ఎక్కువ. బుల్స్ఐ, టైట్‌గ్రూప్ లాంటి చిక్కటి మందు సరైన కొలతలో పోస్తే అడుగున ఎక్కడో పడి ఉంటుంది. ఫోను మోగి తిరిగొచ్చి అదే తొడుగులో రెండోసారి పోసినా పొర్లదు, పైకి కనబడదు. ఆ తూటా పీడనానికి ప్రమాణం చదరపు అంగుళానికి 17,000 పౌన్లు. రెట్టింపు మందు ఆ గీతను ఎక్కడికో దాటించేస్తుంది.

అందుకని నా మాట ఇది: పుటలో ఉన్నవాటిలో తొడుగును బాగా నింపేదాన్ని ఎంచుకో. రివాల్వరుకు యూనిక్ లాంటి గుల్ల రేకుల మందు చూడు. రెండుసార్లు పోస్తే చూడగానే తెలిసిపోతుంది. 308కి ఈ బెడద తక్కువ. వార్గెట్ లాంటి మందు సరైన కొలతలోనే తొడుగును దాదాపు నింపేస్తుంది, రెండోసారి పోస్తే బల్ల మీదికి పొర్లుతుంది. తూటాకు మిగిలే ఆ కాస్త డబ్బు కోసం చిక్కటి మందు కొనేవాళ్లంటే నాకు జాలి.

ఆకారం కూడా చూసుకో. గుండ్రటి రవ్వలు కొలత యంత్రంలోంచి ధారగా, సమంగా జారతాయి. పుల్లల్లా ఉండేవి యంత్రంలో తెగుతూ, ఇరుక్కుంటూ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడతాయి. వార్గెట్ ఈ రెండో రకం, దాన్ని ప్రతిసారీ త్రాసులో తూచాల్సిందే. తూచడం విసుగనిపించినవాడు బజారులో తూటాలు కొనుక్కోవడమే మంచిది. త్రాసును కూర్చున్న ప్రతిసారీ సరిచూసే తూకపు బిళ్లతో పరీక్షించు. తొడుగులన్నీ ఒక చెక్కలో నిలబెట్టి, గుండ్లు బిగించకముందే టార్చి వేసి వరస వరస చూడు.

మొదట ఒక పౌను డబ్బానే కొను. తుపాకికి నచ్చితే అప్పుడు పెద్దది చూద్దువు. అదే పేరుతో కొత్త డబ్బా తెరిచినా, లాటు సంఖ్య, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే అంకె, మారితే మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టు. బల్ల మీద ఒక సమయంలో ఒకే మందు డబ్బా ఉండాలి. రెండు డబ్బాల అడుగు మిగుళ్లను ఒకదాంట్లో కలపడం, పేరు లేని సీసాలో పోయడం ఎప్పుడూ వద్దు. పని అయ్యాక యంత్రంలో మిగిలినది ఏదో ఖాయంగా తెలిస్తే దాని సొంత డబ్బాలోకి పోసెయ్యి, అనుమానం వస్తే వాడకు. డబుల్ బేస్ మందు రోజుల తరబడి ఉంటే యంత్రం ప్లాస్టిక్కును కూడా తినేస్తుంది.

దాచే చోటు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నీ దగ్గరికి వచ్చినప్పుడు నీ గ్యారేజీ చూశాను. అక్కడ గ్యాస్‌తో నడిచే నీళ్ల హీటరు ఉంది, వేసవిలో టెక్సస్ ఎండకు ఆ గది కొలిమిలా ఉంటుంది. మందుకు నిప్పు ఒక శత్రువు, వేడి ఇంకొకటి. డిపోలో మాకు గేటు దగ్గరే అగ్గిపెట్టెలు తీసుకునేవారు. మందు నమూనాలను వేడిచేసి, దాంట్లోంచి వచ్చే ఆవిరికి పరీక్ష కాగితం ఎంతసేపటికి రంగు మారుతుందో చూసేవాళ్లు. త్వరగా మారిందంటే ఆ సరుకుకు కాలం చెల్లినట్టే. నీకు అంత హంగామా లేదు, ముక్కు చాలు. మంచి మందుకు స్పిరిట్ లాంటి వాసన ఉంటుంది. ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, లోపల తుప్పు రంగు పొడి కనబడినా, ఎర్రటి పొగ కనబడినా ఇంట్లో ఉంచకు.

ఇంటి లోపల చల్లగా, పొడిగా ఉండే అలమారలో, తయారీదారు ఇచ్చిన డబ్బాలోనే ఉంచు. అక్కడి అగ్నిప్రమాద నియమాల ప్రకారం ఇంట్లో 20 పౌన్ల వరకు అసలు డబ్బాల్లో ఉంచుకోవచ్చు. అంతకు మించితే అంగుళం మందం చెక్కపెట్టె కావాలి. భద్రం కదా అని ఇనుప బీరువాలో పెట్టి బిగించకు. నిప్పంటుకుంటే చెక్కపెట్టె విచ్చుకుని పీడనాన్ని బయటికి వదిలేస్తుంది, ఇనుప బీరువా బాంబు అవుతుంది. ప్రైమర్లు వేరే చోట ఉండాలి. పిల్లవాడు పాకడం మొదలుపెట్టాడని మీ అత్తయ్య మురిసిపోతోంది, కాబట్టి తాళం సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

సంక్రాంతికి వస్తున్నారు కదా. నువ్వు తుపాకి కాల్చే రేంజికి తీసుకెళ్లే సంచీ ఇక్కడికి తేవద్దు. ఖాళీగా కనబడినా తేవద్దు. మందు, ప్రైమర్లు విమానంలోకి ఎలాగూ అనుమతించరు. అరలో మరిచిపోయిన తూటా ఒక్కటి దొరికినా మన విమానాశ్రయాల్లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. పిల్లవాడి బట్టలకు కొత్త సంచీ కొను. టికెట్లు ఖాయమయ్యాక ఏ పూట దిగుతారో రాయి, కారు పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య