వీసా తిరస్కరణ: మీకు వర్తించేది ఏ తేదీ నాటి నిబంధన?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రిటన్ స్టూడెంట్ వీసా తిరస్కరణల గురించే. 2025 నవంబర్ 11న నిబంధనలు మారాక పాత లెక్కా కొత్త లెక్కా కలగాపులగమయ్యాయి. పదిమందికీ పనికొచ్చే ప్రశ్నలు ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి లండన్ బయట ఒక యూనివర్సిటీలో ఎంఎస్‌సీ సీటు వచ్చింది. నవంబర్ 8న ఆన్‌లైన్‌లో ఫారం నింపి ఫీజు కట్టాడు. వేలిముద్రలు ఇచ్చింది 14న. కట్టాల్సిన ట్యూషన్ ఫీజు పోను ఖాతాలో ఖర్చుల కోసం 10,300 పౌండ్లకు సరిపడా డబ్బుంది. 10,539 పౌండ్లు ఉండాలంటూ వీసా తిరస్కరించారు. ఆ లేఖ డిసెంబర్ 2న అందింది. వెంటనే మళ్లీ దరఖాస్తు పెట్టేద్దామని ఏజెంటు తొందర చేస్తున్నాడు. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. మీరు రాసిన తేదీలు సరైనవైతే తప్పు మీ అబ్బాయిది కాదు, నిర్ణయం తీసుకున్న అధికారిది.

లండన్ బయట చదివేవారికి నెలకు 1,136 పౌండ్లు చూపించాలన్నది పాత నిబంధన. తొమ్మిది నెలలకు 10,224 అవుతుంది. నవంబర్ 11 నుంచి అది 1,171కి పెరిగింది, అంటే 10,539. కొత్త మొత్తం ఆ రోజునుంచి పెట్టిన దరఖాస్తులకే వర్తిస్తుంది. ఫారం సమర్పించి ఫీజు కట్టిన రోజే దరఖాస్తు తేదీ. వేలిముద్రల రోజును లెక్కలోకి తీసుకోరు. మీవాడు పాత నిబంధన కిందికి వస్తాడు, అతని దగ్గర అవసరమైనదానికంటే 76 పౌండ్లు ఎక్కువే ఉన్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దరఖాస్తు పెట్టిన రోజు నిబంధనే వర్తించాలన్న హక్కు బ్రిటన్‌లో దానంతట అది రాదు. ఒడెలోలా కేసులో 2009లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దీనికి విరుద్ధంగానే తేల్చింది: వేరేగా చెప్పకపోతే నిర్ణయం తీసుకునే రోజున అమల్లో ఉన్న నిబంధనే చెల్లుతుంది. కాబట్టి మిమ్మల్ని కాపాడేది నిబంధనలను మార్చిన ప్రకటనలో అమలు తేదీల గురించి రాసిన భాగం. ఫలానా తేదీకి ముందు పెట్టిన దరఖాస్తులను అంతకు ముందురోజు వరకు ఉన్న నిబంధనల ప్రకారం చూస్తామన్న వాక్యం సాధారణంగా అందులో ఉంటుంది. పార్లమెంటు ముందు పెట్టిన ఆ ప్రకటన ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు మీ అభ్యంతరంలో రాయండి.

అభ్యంతరం చెప్పే దారి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే వీసాలు చూసే బ్రిటన్ హోం ఆఫీసు తన నిర్ణయాన్ని తానే మళ్లీ పరిశీలించడం. స్టూడెంట్ వీసా తిరస్కరణ మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసే హక్కు లేదు. బ్రిటన్ బయటినుంచి దరఖాస్తు చేసినవారికి నిర్ణయం అందాక 28 రోజుల గడువు, 80 పౌండ్ల ఫీజు. బ్రిటన్‌లోనే ఉండి దరఖాస్తు చేసినవారికైతే 14 రోజులే. మీ గడువు డిసెంబర్ 30తో ముగుస్తుంది. చివరి రోజుదాకా ఆగకండి, ఫీజు కట్టేటప్పుడు కార్డు పని చెయ్యకపోతే గడువు పోయినట్టే.

అభ్యంతరం ఒక పేజీ దాటనక్కర్లేదు. లేఖలోని ఏ వాక్యం తప్పో ముందు రాయండి. తర్వాత దరఖాస్తు తేదీ, దానికి రుజువుగా ఫీజు రసీదు, ఆ తేదీకి వర్తించే మొత్తం, స్టేట్‌మెంట్‌లో ఏ పేజీలో ఎంత ఉంది అన్నది వరసగా పెట్టండి. పిల్లవాడి భవిష్యత్తు, ఇంటి పరిస్థితి లాంటివి రాయొద్దు. రివ్యూ చేసే అధికారి చూసేది నిర్ణయంలో పొరపాటు జరిగిందా లేదా అన్నదొక్కటే.

ఏజెంటు మాట ఎందుకు ప్రమాదమంటే, కొత్త దరఖాస్తు పెడితే పెండింగ్‌లో ఉన్న రివ్యూ రద్దయిపోవచ్చు. పైగా కొత్త దరఖాస్తుకు కొత్త మొత్తమే చూపించాలి. చేతిలో ఉన్న పాత తేదీని మీరే వదులుకున్నట్టవుతుంది. అయితే రివ్యూ నడుస్తోందని కోర్సు ఆగదు. క్యాస్‌లో (సీటు ఖాయమని వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ధ్రువీకరణ) రాసిన చివరి చేరిక తేదీ ఎప్పుడో యూనివర్సిటీని ఈరోజే అడగండి. అది దాటేలా ఉంటే తర్వాతి బ్యాచ్‌లోకి మార్చుకునే సంగతి ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న: నా ఖాతాలో డబ్బు నెలపైనే ఉంది. మధ్యలో ఒక్కరోజు అవసరం పడి తీసి, మర్నాడే వేసేశాను. కొంత మొత్తం మా బాబాయి ఖాతాలో చూపించాం. ఈ రెండు కారణాలతో తిరస్కరించారు. రివ్యూలో ఆయన ఒప్పుకోలు లేఖ జత చేస్తే పని అవుతుందా?

జవాబు: కాదు. ఇక్కడ అధికారి పొరపాటేమీ లేదు, రివ్యూకి కట్టే 80 పౌండ్లూ వృథా. మీ దారి కొత్త దరఖాస్తే.

డబ్బు వరసగా 28 రోజులు ఉండాలి. ఒక్కరోజు తగ్గినా లెక్క మొదటికొస్తుంది. ఆ 28 రోజుల్లో చివరి రోజు దరఖాస్తు తేదీకి 31 రోజులలోపు ఉండాలి. ఉదాహరణకు జనవరి 20న దరఖాస్తు పెడుతూ జనవరి 10తో ముగిసే స్టేట్‌మెంట్ ఇస్తే, డిసెంబర్ 14 నుంచి జనవరి 10 దాకా ఏ రోజూ తగ్గకూడదు. డిసెంబర్ 20 కంటే ముందు ముగిసిన స్టేట్‌మెంట్ ఆ దరఖాస్తుకు చెల్లదు. చాలామంది తడబడేది ఇక్కడే: 28 రోజులు సరిగ్గా ఉంచుతారు, ఫారం పూర్తిచేయడంలో ఆలస్యం చేసి 31 రోజులు దాటిస్తారు.

ఖాతా మీదైనా కావాలి, తల్లిదండ్రులదో చట్టబద్ధ సంరక్షకులదో అయినా కావాలి. తల్లిదండ్రులదైతే మీ జనన ధ్రువపత్రం, ఆ డబ్బు మీరు వాడుకోవచ్చని వాళ్లు రాసిన లేఖ జత చెయ్యాలి. బాబాయి, మేనమామ, అన్నయ్యల ఖాతాలు చెల్లవు. ఆ డబ్బు మీ ఖాతాకు మార్పించుకుని 28 రోజులు కదపకుండా ఉంచితే సరిపోతుంది, కానీ ఎక్కడినుంచి వచ్చిందని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండండి. విద్యారుణం ఉన్నవారికి 28 రోజుల నియమం లేదు. రుణ మంజూరు లేఖ మీ పేరున ఉండి, దరఖాస్తుకు ఆరు నెలలలోపు తేదీ కలిగి ఉండాలి.

లండన్‌లో చదివేవారు చూపాల్సింది ఇప్పుడు నెలకు 1,529 పౌండ్లు, తొమ్మిది నెలలకు 13,761. రూపాయలను పౌండ్లలోకి దరఖాస్తు తేదీన ఒఆండా వెబ్‌సైట్‌లో ఉన్న మారకం రేటుతో లెక్కిస్తారు. కచ్చితంగా సరిపోయేంత మాత్రమే ఉంచుకుంటే రేటు కాస్త జారినా దెబ్బతింటారు. నూటికి అయిదు పాళ్లయినా ఎక్కువ ఉంచండి.

ఒకసారి వాడిన క్యాస్ మళ్లీ పనికిరాదు, కొత్తది కావాలి. తిరస్కరణలు పెరిగితే విదేశీ విద్యార్థులను చేర్చుకునే స్పాన్సర్ లైసెన్సుకే ముప్పు కాబట్టి కొత్త క్యాస్ ఇవ్వడానికి యూనివర్సిటీలు వెనకాడుతున్నాయి. తిరస్కరణల శాతం 10 లోపు ఉండాలన్నది 2025 మే నాటికి ఉన్న నియమం. దాన్ని 5కు బిగిస్తామని ప్రభుత్వం ఆ నెల శ్వేతపత్రంలో చెప్పింది. అందుకే ఉత్త అభ్యర్థనతో వెళ్లకండి. తిరస్కరణ లేఖ, అందులోని ఒక్కో కారణానికి ఎదురుగా ఇప్పుడు సరిచేసిన పత్రం పెట్టి పంపండి. కొత్త ఫారంలో పాత తిరస్కరణను తప్పక రాయాలి. దాచితే అది వేరే నేరమవుతుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూలో బాగానే చెప్పాను. కానీ నేను నిజమైన విద్యార్థినని నమ్మకం కలగలేదని, కోర్సు గురించి తెలియదని రాశారు. దీన్ని సవాలు చెయ్యగలనా?

జవాబు: చెయ్యొచ్చు. డబ్బు లెక్కంత తేలిక కాదు. "నమ్మకం కలగలేదు" అన్న మాటతో వాదించి లాభం లేదు. దాని కింద రాసిన వాస్తవాలతో వాదించాలి. మాడ్యూళ్ల పేర్లు చెప్పలేదని రాసి, మీరు నిజంగా మూడు పేర్లు చెప్పి ఉంటే అది పట్టుకోదగ్గ పొరపాటు. ఏ ప్రశ్నకు ఏ జవాబిచ్చారో గుర్తున్నంత వరకు ఈ రాత్రే రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూ ప్రతిని వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద హోం ఆఫీసును ఉచితంగా అడగొచ్చు. నెల వరకు పట్టొచ్చు కాబట్టి అది వచ్చేదాకా రివ్యూ ఆపకండి. వచ్చాక తర్వాతి దరఖాస్తుకైనా పనికొస్తుంది. చదివి చూస్తే జవాబులు నిజంగానే పొడిపొడిగా ఉన్నాయనిపిస్తే, సవాలు చెయ్యడం మాని బాగా సిద్ధమై మళ్లీ వెళ్లడమే మేలు.

ప్రశ్న: బ్యాంకు స్టేట్‌మెంట్ నకిలీదని రాసి తిరస్కరించారు. అది అసలైనదే. ఊరుకుని వచ్చే ఏడాది ప్రయత్నించొచ్చా?

జవాబు: ఊరుకోకండి. మోసం చేశారన్న ముద్ర పడితే 10 ఏళ్ల నిషేధం వెంటాడుతుంది. లేఖను జాగ్రత్తగా చదవండి. మీరు మోసం చేశారని రాశారా, నకిలీ పత్రం వచ్చిందని మాత్రమే రాశారా? రెండూ ఒకటి కావు. మోసమని రాస్తే మీకు తెలిసి, కావాలని చేశారని నిరూపించాల్సిన భారం వాళ్లదే.

మామూలుగా రివ్యూలో కొత్త ఆధారాలు తీసుకోరు గానీ, ఇలాంటి ఆరోపణ ఉన్నచోట మినహాయింపు ఉంది. బ్యాంకు మేనేజర్ సంతకంతో, ఖాతా నంబరు, ఆ తేదీల్లో రోజువారీ నిల్వ, ఆ స్టేట్‌మెంట్‌ను తామే ఇచ్చామన్న మాట ఉండేలా లేఖ తీసుకోండి. వీసా కార్యాలయం సరిచూడమని అడిగినప్పుడు శాఖలో ఎవరు ఏమని జవాబిచ్చారో కూడా అడిగి తెలుసుకోండి. శాఖలో సరైన మనిషికి అందక పోయిన ఒక్క ఈమెయిల్ వల్ల కూడా ఇలాంటివి జరుగుతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం బ్రిటన్ సొలిసిటర్‌నో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారునో పెట్టుకోమంటాం.

ప్రశ్న: రివ్యూ కూడా ఓడిపోతే?

జవాబు: అప్పర్ ట్రిబ్యునల్‌లో జ్యుడీషియల్ రివ్యూ ఉంది. ఇది అప్పీలు కాదు, నిర్ణయం చట్టప్రకారం జరిగిందా అని మాత్రమే చూస్తారు. జాప్యం లేకుండా, ఎలాగైనా మూడు నెలలలోపు వెయ్యాలి. ముందుగా హోం ఆఫీసుకు నోటీసు లేఖ పంపి, జవాబుకు మామూలుగా 14 రోజులు ఇవ్వాలి. గెలిచినా ట్రిబ్యునల్ వీసా ఇవ్వదు, నిర్ణయం కొట్టేసి మళ్లీ చూడమంటుంది. ఓడితే అవతలివాళ్ల ఖర్చులూ మీ మీద పడొచ్చు. చట్టపరమైన తప్పు స్పష్టంగా ఉంటేనే దిగండి.

ప్రశ్న: తిరస్కరణ వల్ల సెప్టెంబర్ బ్యాచ్ పోయి 2026 జనవరిలో ఏడాది మాస్టర్స్‌లో చేరుతున్నాను. చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోవడానికిచ్చే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా వస్తుందా?

జవాబు: రాదనే అనుకుని లెక్క వేసుకోండి. 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 18 నెలలే ఇస్తారు, పీహెచ్‌డీ వారికి మాత్రం మూడేళ్లు. ఇక్కడ చూసేది గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు పెట్టిన తేదీని, కోర్సులో చేరిన తేదీని కాదు. కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోం ఆఫీసుకు తెలిపాకే ఆ దరఖాస్తు పెట్టాలి, మీ కోర్సేమో ఆ గడువు దాటాక గాని ముగియదు.