కొత్త సెట్టు, పాత ప్లాటర్

బోట్ల మీద వాడే రేడియో, జీపీఎస్, ఎకో (నీటి లోతు, చేపల జాడ చూపేది) సామాన్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రిపేర్లు చేసే మెకానిక్ జవాబులు.

ప్రశ్న: మాది కాకినాడ. మెకనైజ్డ్ బోటు ఉంది. పాత వీహెచ్ఎఫ్ రేడియో సెట్టులోకి ఉప్పునీళ్ళు పోయి పాడైతే, డీఎస్సీ (బటన్ నొక్కితే ఆపద కబురు డేటాగా పంపే ఏర్పాటు) ఉన్న కొత్త సెట్టు కొన్నాను. ప్లాటర్ (బోటున్న చోటు మ్యాప్ మీద చూపే జీపీఎస్ తెర) గార్మిన్‌ది, బాగానే నడుస్తోంది. పాత సెట్టుకి దాన్నుంచి నీలం, నలుపు వైర్లు రెండే వచ్చేవి. కొత్తదాని వెనక రంగురంగుల వైర్లు చాలా ఉన్నాయి. మా ఎలక్ట్రీషియన్ నీలానికి నీలం కలిపాడు. సెట్టు ఆన్ అవుతోంది, మాట వస్తోంది, కానీ స్క్రీన్ మీద లాటిట్యూడ్, లాంగిట్యూడ్ రావడం లేదు. సెట్టు పోయినట్టా?

జవాబు: సెట్టుకేం కాలేదు, టెన్షన్ పడకండి. మీ ఎలక్ట్రీషియన్ని కూడా నేను తప్పుపట్టను. ఇంటి వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు అని అలవాటైన చెయ్యి రంగుకి రంగే కలుపుతుంది. బోటు సామాన్లలో డేటా వైర్ల రంగులు మాత్రం ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. గార్మిన్ ప్లాటర్లలో నీలం డేటా బయటికి పంపే వైరు, గోధుమరంగుది డేటా లోపలికి తీసుకునే వైరు. మీ కొత్త సెట్టులో నీలానికి ఇంకేదో పని అప్పగించి ఉంటారు.

రంగులు పక్కనపెట్టి, సెట్టుతో పాటు అట్టపెట్టెలో వచ్చిన పుస్తకం తియ్యండి. వైర్ల బొమ్మ ఉన్న పేజీలో ‘ఎన్ఎంఈఏ ఇన్’, ‘ఎన్ఎంఈఏ ఔట్’ అనే మాటలు వెతకండి (ఎన్ఎంఈఏ అంటే బోటు సామాన్లు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి). కొన్ని పుస్తకాల్లో ఇన్‌ని ఆర్ఎక్స్ అనీ, ఔట్‌ని టీఎక్స్ అనీ రాస్తారు. ప్లాటర్ నోరు సెట్టు చెవికి కలవాలి, సెట్టు నోరు ప్లాటర్ చెవికి కలవాలి. నోటికి నోరు కలిపితే ఇద్దరూ అరుస్తారు, వినేవాడు ఉండడు. మీ బోటులో జరిగింది బహుశా ఇదే.

ప్లాటర్ నీలం వైరుని సెట్టు ‘ఇన్ ప్లస్’కి కలపండి. సెట్టులో ‘ఇన్ మైనస్’ అని విడిగా ఇంకో వైరు కనబడితే దాన్ని గాలికి వదిలేయొద్దు. మీ ప్లాటర్‌కి డేటా పంపే వైరు ఒక్కటే ఉంటే, ఆ మైనస్‌ని ప్లాటర్ నలుపు వైరుకి, అంటే గ్రౌండుకి కలపాలి. ప్లాటర్‌లో నీలంతో పాటు బూడిదరంగు వైరు కూడా ఉంటే అది కొత్త తరం మోడల్. అప్పుడు నీలం ప్లస్‌కి, బూడిదరంగు మైనస్‌కి. ఆ బూడిదరంగు వైరుని మాత్రం గ్రౌండుకి తగిలించొద్దు. ఈ రెండు డేటా వైర్లు తారుమారైతే సెట్టు కాలిపోదు, అంకెలు రావంతే. మార్చి చూసుకోవచ్చు. కరెంటు వైర్లతో మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

అప్పటికీ రాకపోతే ప్లాటర్ సెట్టింగుల్లోకి వెళ్ళండి. కమ్యూనికేషన్ అన్న చోట ఆ పోర్టు ఎన్ఎంఈఏ 0183 స్టాండర్డులో ఉండాలి, స్పీడు 4800. ఆ పోర్టుకి ఎప్పుడో ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో చూపే పరికరం) తగిలించి ఉంటే అది 38400లో ఉండిపోతుంది. ప్లాటర్ అంత స్పీడుగా పంపితే 4800 దగ్గర కూర్చున్న సెట్టుకి ఒక్క ముక్క అర్థం కాదు. ప్లాటర్ పంపే వాటిలో ఆర్ఎంసీ అనే డేటా వరస ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. పొజిషనూ టైమూ రెండూ అందులోనే ఉంటాయి. డేటా బయటికొస్తోందా లేదా తెలియాలంటే మల్టీమీటర్ చాలు. డీసీ వోల్టులో పెట్టి నీలానికీ నలుపుకీ మధ్య పట్టుకుంటే అంకె ఒకచోట నిలవకుండా ఊగుతుంటుంది. కదలకుండా ఉందంటే ప్లాటర్ ఏమీ పంపడం లేదన్నమాట.

రెండో దారిని చాలామంది వదిలేస్తారు, నాకు నచ్చని పని. సెట్టు ‘ఔట్’ని ప్లాటర్ గోధుమరంగు వైరుకి కలిపితే, ఇంకో బోటు డీఎస్సీలో ఆపద కబురు పంపినప్పుడు ఆ బోటున్న చోటు మీ ప్లాటర్ మ్యాప్ మీద గుర్తుగా పడుతుంది. లేకపోతే సరంగు (బోటు నడిపేవాడు) ఒక చేత్తో వీల్ పట్టుకుని, ఇంకో చేత్తో సెట్టు తెర మీది అంకెలు కాగితం మీద రాసుకోవాలి. గాలి లేచినప్పుడు అది జరిగే పని కాదు.

‘మాట వస్తోంది కదా, అంకెలెందుకు’ అని మీ సరంగు అంటే ఇది చెప్పండి. సెట్టు మీద ఎర్ర మూత కింది బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే, ఛానల్ 70 మీద మీ బోటు నంబరూ మీరున్న చోటూ డేటాగా వెళ్తాయి. విదేశాలకు తిరిగే 300 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఉన్న ప్రతి సరుకు ఓడా ఆ ఛానల్ వినాల్సిందే. కాకినాడ లంగరులో అలాంటి ఓడలు మీకు రోజూ కనబడేవే. పొజిషన్ లేకుండా బటన్ నొక్కితే ఎవరో ఆపదలో ఉన్నారని తెలుస్తుంది, ఎక్కడికి రావాలో తెలియదు. అంకెలు చేత్తో కొట్టి పెట్టుకోవచ్చు గానీ, బోటు కదిలిపోతుంది, సెట్టు కూడా ఇరవై మూడున్నర గంటలు దాటితే వాటిని తుడిచేస్తుంది.

ఇక జాయింట్లు. వైర్లు మెలితిప్పి పైన ఇన్సులేషన్ టేపు చుట్టడం ఒడ్డు మీద చెల్లుతుంది, బోటు మీద చెల్లదు. ఈమధ్య ఒక బోటులో అంకెలు వస్తూ పోతూ ఉన్నాయంటే టేపు విప్పాను. జిగురు కారి, రాగి పోగుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. అది జాయింటు దగ్గర ఆగలేదు. తొడుగు కోసుకుంటూ వెళ్తే జానెడు లోపలిదాకా పోగులు నల్లబడ్డాయి, వేలితో వంచితే పుటుక్కున విరిగాయి. తగరం పూత ఉన్న మెరైన్ వైరే వాడండి. క్రింప్ చేసి (లోహపు తొడుగు పెట్టి నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయండి. సెట్టు దగ్గర వైరుని కాస్త కిందికి వేలాడనిచ్చి పైకి తీసుకెళ్తే నీటిచుక్క అక్కడే జారిపోతుంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది కాబట్టి తీరిగ్గా చేసుకోవచ్చు. జూన్ 13న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్ళకి మాత్రం నేనేమీ హామీ ఇవ్వలేను.

ప్రశ్న: మైక్ నొక్కి మాట్లాడితే చాలు, ప్లాటర్ ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. 12 వోల్టుల బ్యాటరీ కొత్తదే. (భీమిలి)

జవాబు: 25 వాట్లలో మాట్లాడేటప్పుడు సెట్టు సుమారు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. రెండింటికీ కలిపి ఒకే సన్న వైరు వేసి ఉంటారు. ఆ లాగుడుకి వోల్టేజి పడిపోయి ప్లాటర్ ఆగిపోతోంది. సెట్టు వెనక ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టి, మాట్లాడుతుండగా చూడండి. ఆపద పిలుపులకి ఉంచిన ఛానల్ 16 మీద మాత్రం ఈ పరీక్షలు వద్దు. 11 దాకా పడిపోతుంటే లోపం వైరులోనే. సెట్టుకి బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు వేసి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. వోల్టేజి నిలకడగానే ఉంటే యాంటెన్నా కేబుల్ కనెక్టరు విప్పి చూడండి, నీళ్ళు చేరి ఉండొచ్చు. పనిలో పనిగా ఆ కేబుల్‌ని డేటా వైర్లతో కలిపి కట్టకుండా విడిగా లాగండి. 24 వోల్టుల బోటు ఉన్నవాళ్ళకి ఒక మాట: 12 వోల్టుల సెట్టుని ఒక్క బ్యాటరీ నుంచి లాగేస్తే ఆ బ్యాటరీ తొందరగా చస్తుంది. కన్వర్టరు పెట్టుకోండి, 10 ఆంపియర్లకి తగ్గకుండా.

ప్రశ్న: కొత్త సెట్టు ఎంఎంఎస్ఐ నంబరు అడుగుతోంది. ‘ఏదో ఒకటి కొట్టేయండి’ అన్నాడు అమ్మినవాడు. (నిజాంపట్నం)

జవాబు: కొట్టొద్దు. ఆ తొమ్మిది అంకెల నంబరు సెట్టుది కాదు, బోటుది. మన దేశం నంబర్లు 419తో మొదలవుతాయి. మీ పాత సెట్టుకి నంబరు ఉండి ఉంటే, అదే బోటు కాబట్టి కొత్తదాన్లోనూ అదే వేయాలి. చాలా సెట్లు ఈ నంబరుని ఒకసారో రెండుసార్లో మాత్రమే రాయనిస్తాయి, ఆ తర్వాత కంపెనీకి పంపాల్సిందే. అందుకే ముందు కాగితం మీద రాసుకుని, పక్కన ఇంకొకరిని చదవమని వేయండి. పని చేస్తోందో లేదో చూడ్డానికి ఎర్ర బటన్ ముట్టుకోకండి. డీఎస్సీ ఉన్న పక్కబోటు నంబరుకి మామూలు కాల్ పంపి చూసుకోండి.

ప్రశ్న: జీపీఎస్ లోపలే ఉన్న సెట్టు కొంటే ఈ వైర్ల గొడవ తప్పుతుందా? (మచిలీపట్నం)

జవాబు: సగం తప్పుతుంది. మీ పొజిషన్ సెట్టే పట్టుకుంటుంది. ఎదుటి బోటు ఆపద గుర్తు మీ ప్లాటర్ మీద పడాలంటే మాత్రం ‘ఔట్’ వైరు కలపాలి. మీది స్టీలు వీల్‌హౌస్ అయితే కొనేముందు ఒకసారి ఆలోచించండి, ఇనుప పైకప్పు కింద ఆ జీపీఎస్‌కి ఉపగ్రహాలు సరిగా అందవు. బయటి యాంటెన్నా తగిలించుకునే వీలున్న మోడల్ అడగండి, లేదా ప్లాటర్ నుంచే వైరు లాగండి.